అద్దె చూపు, సొంత నిధి

విద్యావంతుల యిండ్లలో నేడొక వింత లోపము కానవచ్చుచున్నది. గోడమీద పెద్ద టెలివిజను తెర యుండును. నెలనెలయు రెండు మూడు ఓటీటీ సంస్థలకు చందా చెల్లుచుండును. ఇంటిల్లిపాది చేతులలోను ఫోనులు వెలుగుచుండును. ఇన్ని యుండియు, "అయ్యా, మీ యింట మల్లీశ్వరి యున్నదా?" యని యడిగినచో గృహస్థు తెల్లబోవును. "ఎక్కడనో యుండును, వెదకిన దొరకును" అని మాట దాటవేయును. భారతము ఎక్కడనో యుండునని తృప్తిపడక, అటకమీదనైనను ఒక ప్రతి నుంచుకొన్న జాతి మనది. సినిమా విషయమున మాత్రము ఆ మాటతోనే సరిపెట్టుకొనుచున్నాము. ఎక్కడనో యున్నది మనది కాదు. మన యింట నున్నదే మనది. మంచి చలనచిత్రములను, మంచి టెలివిజను ధారావాహికలను మేలైన డిస్కులుగా కొని, గ్రంథములవలె ఇంట దాచుకొనుట విద్యావంతులైన గృహస్థుల ధర్మమని మేము వాదింపదలచినాము. డిస్కుల కాలము చెల్లిపోయినదని నవ్వువారు కొంచెము ఓపికతో వినవలెను.

మొదట వస్తువును ఎఱుగుదము. మన యిండ్లకు తొలుత వచ్చిన వీసీడీలో ఒక్కొక్క బొమ్మకు 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల యెత్తు. అనగా మొత్తము ఒక లక్ష చుక్కలు. తరువాత వచ్చిన డీవీడీలో 720, 576; నాలుగు లక్షలకు పైచిలుకు. 2006లో వెలువడిన బ్లూరే డిస్కులో 1920, 1080. ఇరువది లక్షలకు మించినవి. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలో 3840, 2160. ఇంచుమించు ఎనుబది మూడు లక్షలు. ఇది లెక్కల మాస్టరు గొడవయని త్రోసివేయరాదు. మాయాబజారు (1957) పడవపాటలో మార్కస్ బార్ట్‌లీ కెమేరాతో కురిపించిన వెన్నెలను తలచుకొనుడు. నలుపునకును తెలుపునకును నడుమ నున్న నూఱు ఛాయలే ఆ వెన్నెల. లక్ష చుక్కలలో అది బూడిదముద్ద యగును. ఇరువది లక్షల చుక్కలలో మఱల వెన్నెల యగును. కళను చూచుట యన కథ తెలిసికొనుట మాత్రమే కాదుగదా!

ఓటీటీలోను అన్నియే చుక్కలు గలవని కొందఱందురు. చుక్కలు అన్నియే గాని, వానిలో నింపిన సరకు అంత కాదు. బ్లూరేలో చిత్రమునకు సెకనుకు 40 మెగాబిట్లవఱకు ఇచ్చుటకు వీలున్నది. ఇంటర్నెట్టు ద్వారా పంపువారు అదే బొమ్మను అందులో కొద్దిభాగమునకు పిండి పంపుదురు. చీకటి దృశ్యములు గళ్లుగళ్లుగా విఱిగి కనబడుటకు సాధారణముగా ఈ పిండుటయే కారణము. దారిలో సిగ్నలు తగ్గినచో నాణ్యము మఱింత దిగజారును. డిస్కునకు ఏ గాలివానయు అడ్డము రాదు.

కాని మా వాదమునకు నాణ్యము మొదటి మెట్టు మాత్రమే. అసలు తగవు సొంతమునకును అద్దెకును నడుమ నున్నది. ఓటీటీకి చందా కట్టువాడు సినిమాను కొనుట లేదు. కొంతకాలము చూచుటకు అనుమతి పొందుచున్నాడు. ఆ అనుమతి ఇచ్చినవారి చేతిలోనిది; వారు తలచినప్పుడు పోవును. 2009 జూలైలో అమెజాను సంస్థ తన కిండిలు యంత్రములనుండి జార్జి ఆర్వెలు నవలలు రెంటిని, పాఠకులు వెల యిచ్చి కొన్న తరువాత, దూరమునుండియే తుడిచివేసినది. హక్కులు లేని యొకరు వానిని అమ్మకమునకు పెట్టిరనుట దానికి కారణము. కారణము న్యాయమైనదే కావచ్చును. కాని పుస్తకముల దుకాణమువాడు రాత్రివేళ మన యింటిలో చొచ్చి అలమారలోని గ్రంథమును తీసికొనిపోయిన మనమూరకుందుమా? 2024 జనవరిలో అన్నపూరణి యను తమిళ చిత్రము, తగవు లేచిన కొన్ని దినములకే, నెట్‌ఫ్లిక్స్ నుండి మాయమైనది. ఆ చిత్రము మంచిదా చెడ్డదా యన్నది వేఱు విచారము. చూచి మంచిచెడ్డలు నిర్ణయించుకొను అవకాశమే చందాదారునకు లేకపోయినది. మేము చెప్పవచ్చినది అంతే.

భాష విషయమున జరిగిన దింకను విచిత్రము. 2022 మేనెలలో ఆర్.ఆర్.ఆర్. చిత్రము తెలుగు మూలము జీ5లోను, హిందీ అనువాదము నెట్‌ఫ్లిక్స్‌లోను విడుదలైనవి. పాశ్చాత్యదేశములలో ఎందఱో దానిని నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ పలుకులతోనే చూచి మెచ్చుకొనిరి. 2023 మార్చిలో ఆస్కారు వేదికపై తెలుగు పాట మ్రోగినది. ఆ పాట గల చిత్రమును మాత్రము ఎందఱకో వేఱొక భాషలో విందుమని చెప్పిన వారు వ్యాపారులు. ఒక్క డిస్కులో నాలుగు భాషల ధ్వనులు, పది భాషల ఉపశీర్షికలు ఇముడును. ఏ భాషలో వినవలెనో నిర్ణయించు అధికారము అప్పుడు ప్రేక్షకునిది. జపానులో బాహుబలియు, ఆర్.ఆర్.ఆర్. చిత్రమును బ్లూరే డిస్కులుగా వెలువడినవి. తెలుగు సినిమాను జపానువాడు అలమారలో దాచుకొనుచుండగా తెలుగువాడు నెలచందాతో తడవుకొనుట మనకు గౌరవమా?

ఎక్కడనో యుండునను నమ్మకము ఎంత బోలుదో తెలియవలెనన్న మన సినిమా చరిత్రమునే చూడవలెను. 1921లో రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ తండ్రీకొడుకులు నిర్మించిన భీష్మప్రతిజ్ఞ నేడు లేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద చూచుటకు దొరకదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని అనేక సంవత్సరములు మన గ్రంథములు వ్రాసినవి. అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని తరువాతి పరిశోధకులు పాత పత్రికలు, సెన్సారు పత్రములు త్రవ్వి తేల్చవలసి వచ్చినది. తన తొలి మాట పలికిన దినమును కూడ ఎఱుగని స్థితికి ఒక జాతి ఎట్లు వచ్చినది? చిత్రమును దాచుకొనలేదు, చిత్రముతోపాటు దాని పుట్టుపూర్వములను దాచుకొనలేదు. ఆనాటి ఫిలిము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలిన భగ్గున మండునది, తేమకు ముద్దగట్టునది. దానిలోని వెండికొఱకు కరగబెట్టినవారును గలరు. దేశపు చలనచిత్రములను సేకరించుటకు పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవు 1964లో పుట్టినది. అప్పటికే మూకీల కాలము ముగిసి ముప్పది యేండ్లు గడచినవి. 2003 జనవరిలో ఆ పూనాలోనే అగ్నిప్రమాదము జరిగి అపూర్వములైన నైట్రేటు ఫిలిములు కాలిపోయినవి. ఒక్కచోట దాచిన నిధికి ఒక్క నిప్పురవ్వ చాలును.

పెక్కుచోట్ల ఉన్నది బ్రదుకును. ఈ సత్యము మన వాఙ్మయ చరిత్రము నెఱిగినవారికి క్రొత్త కాదు. నన్నెచోడుని కుమారసంభవము ఎన్నో తరములు పేరుకైన వినబడక, మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికిదీసి 1909లో ప్రకటించినప్పుడు గదా ఆంధ్రలోకము కన్ను విప్పినది! ఎవరో యొకరు వ్రాసికొని, మఱియొకరు ఆ తాటాకులను చెదలకు ఈయక కాపాడుటచేతనే అది మిగిలినది. బ్రౌను దొర ప్రతులను సేకరించి సరిచూపింపగలుగుటకు కారణము, ఊరూర ఏదో యొక యింట తాటాకుల కట్ట ఉండుటయే. సీమలోను ఇట్లే జరిగినది. బీబీసీవారు పాతటేపులను తుడిచివేయుటచే డాక్టర్ హూ యను ధారావాహికలో అనేక భాగములు నశించినవి. పూర్వము పరదేశములకు అమ్మిన ప్రతులలో తొమ్మిది భాగములు 2013లో నైజీరియానుండి తిరిగి లభించినవి. కన్నతల్లి పాఱవేసినదానిని పరాయి యిల్లు కాపాడినదన్నమాట. నేడు ఆ ధారావాహిక డిస్కులుగా వెలువడుచు వేలకొలది యిండ్లలో చేరుచున్నది. ఇక దానిని ఏ ఒక్క కార్యాలయమును తుడిచివేయజాలదు.

కాపాడవలెనన్న పట్టుదల యున్న కాలినదానిని సయితము బ్రదికింపవచ్చును. 1993లో లండనులోని ఒక ల్యాబులో నిప్పంటుకొని సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయపు నెగటివులు దెబ్బతిన్నవి. కాలి ముడుచుకొన్న ఆ ఫిలిమును ఇటలీ దేశపు బొలోనాలో ఓర్పుతో బాగుచేసి, కాలిపోయిన భాగములకు ఇతర ప్రతులనుండి పూరణము చేసి, 2015లో అమెరికాలోని క్రైటీరియన్ సంస్థవారు బ్లూరే డిస్కులుగా ప్రచురించిరి. మన మాయాబజారునకు 2010లో రంగులద్ది హాళ్లలో విడుదల చేసిరి. జనులు ఆనందించిరి, మేమును కాదనము. కాని ఆ రంగుల ప్రతిలో మూలమునందలి కొన్ని పాటలు, పద్యములు లోపించినవి, నిడివి తగ్గినది. రంగులు వేయుటకు ధనము దొరకినప్పుడు, కె.వి. రెడ్డిగారు తీసిన నలుపుతెలుపుల చిత్రమును ఉన్నదున్నట్లు శుభ్రపఱచి, వ్యాఖ్యానముతో ఒక చక్కని డిస్కుగా తెలుగువారి చేతిలో పెట్టుటకు ఏల దొరకరాదు? కావ్యమును పరిష్కరించి ప్రకటించుట వేఱు. కావ్యమునకు అట్ట మార్చుట వేఱు.

తెలుగుదేశమున డిస్కు ఎట్లు చచ్చినదో కూడ చెప్పవలెను. 2007 ప్రాంతమున మోజర్ బేర్ సంస్థ వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మసాగినప్పుడు సామాన్యుని యింటికి సినిమా సొంతమై వచ్చినది. ఆ సంస్థయే 2018లో దివాలా తీసి మూతబడినది. నడుమ ఏమి జరిగినది? బస్‌స్టాండుల యెదుట గోనెపట్టలమీద దొంగ డిస్కులు పఱచిరి. ఒక్క డిస్కులో అయిదు సినిమాలు కుక్కి, మొగములు తెలియని బొమ్మలను అమ్మిరి. చదువుకొన్నవారును బేరమాడి కొనిరి. పుస్తకము దొంగ అచ్చు వేసినవానిని ద్రోహియని నిందించు నోళ్లే, దొంగ డిస్కు కొనుటను తెలివియని పొగడుకొనినవి. నిర్మాతలేమి తక్కువ తినిరా? న్యాయముగా అమ్మిన డిస్కులలోను పాటలు కోయుట, నటుల మొగములపై కంపెనీ ముద్ర వేయుట, అరిగిన ప్రతినుండి అచ్చు దింపుట పరిపాటి యైనది. వెల యిచ్చువానికి విలువ ఈయని సరకు నిలువదు. ఇరుపక్షముల పాపముచే అంగడి మూతబడినది. ఇప్పుడు డిస్కులకు ఆదరణము లేదని ఇరుపక్షములును నిట్టూర్చుచున్నవి.

ఇక ఆక్షేపణములకు సమాధానము చెప్పుదము.

"యూట్యూబులో అన్నియు ఊరకయే దొరకుచున్నవిగదా" అనునది మొదటిది. వరవిక్రయము (1939) అట్లు చూచినవారు గలరు. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమునుండి పుట్టి, కన్నపిల్లకు కట్నము కట్టవలసి వచ్చిన యింటి కడగండ్లను చూపిన చిత్రమది, భానుమతిగారి తొలిచిత్రము. అది ఏదో రూపమున దొరకుట సంతోషమే. కాని ఎవరు పెట్టిరో, ఎవరు తీసివేయుదురో తెలియని ప్రతి, నడుమ ప్రకటనలు, కోసిన కొసలు! దీనిని గ్రంథాలయమందుమా, సంతయందుమా? మా పాఠశాలలోని పిల్లలు మాయాబజారులోని ఘటోత్కచుని భోజన మెఱుగుదురు. ఫోనులో అరనిమిషపు ముక్కగా చూచినారు. ఆ భోజనము ఏ పెండ్లిదో, ఆ పెండ్లి ఎందుకు జరుగరాదో వారికి తెలియదు. ముక్కలు తిన్న పిల్లవాడు అన్నము రుచి యెఱుగడు.

"లోకమే డిస్కులను విడుచుచున్నది" అనునది రెండవది. నిజమే, నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో తన తపాలా డిస్కుల వ్యాపారమును మూసివేసినది. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని నిలిపివేసినది. అయినను అచ్చొత్తిన సినిమా డిస్కులు వెలువడుచునే యున్నవి. వ్యాపారికి లాభము తగ్గిన దినమున పాఠకునకు అవసరము తగ్గినదనుట తర్కము కాదు. తక్కువగా దొరకు వస్తువును త్వరగా కొని దాచవలెననుటయే తర్కము. డిస్కు శాశ్వతమని మేమనుట లేదు. దానికిని గీతలు పడును, పూత చెడును. తాటాకును శాశ్వతము కాదు. తరమునకొకసారి మఱల వ్రాసికొనిరి గనుక కావ్యము శాశ్వతమైనది.

"వెల యెక్కువ" యనునది మూడవది. బ్లూరే యంత్రము వెల మధ్యరకపు ఫోను వెలను మించదు. మనవారు రెండేండ్లకొక ఫోను మార్చుదురు. పెండ్లి వీడియోకు, డ్రోను కెమేరాకు, పందిరి వెలుగులకు అప్పు చేసియైనను ఇత్తురు. ఆ పెండ్లి క్యాసెట్టు బీరువాలో చీరల క్రింద భద్రముగా నుండును. చూచుటకు యంత్రము మాత్రముండదు. ఒక్క పూట అలంకరణములో పదియవ పాలు తగ్గించినచో ఇరువదియైదు మంచి చిత్రములు, వానితో ఒక యంత్రము ఇంటికి వచ్చును.

"సినిమాలు పిల్లలను చెఱచును" అనునది నాలుగవది. పెద్దలు చెప్పుమాట గనుక గౌరవముతో ప్రత్యుత్తరమిత్తుము. చెఱచునది సినిమా కాదు, అంతులేని ధార. ఓటీటీలో ఒక భాగము ముగియకముందే రెండవ భాగము తనంత తానే మొదలగును. ఆపుటకు ప్రయత్నము కావలెను, సాగుటకు అక్కఱలేదు. డిస్కులో భాగములు ముగిసినప్పుడు తెర ఊరకుండును. ఎవరైన లేచి డిస్కు మార్చవలెను. ఆ లేచుటలోనే విచక్షణ పుట్టును. అమృతము (2001–2007) వంటి ఆరోగ్యకరమైన హాస్య ధారావాహికను దినమునకొక్క భాగము చొప్పున ఇల్లంతయు కూర్చుండి చూచుటకును, రాత్రి రెండు గంటలవఱకు దుప్పటిలో ఫోను వెలిగించుకొని ఒంటరిగా చూచుటకును ఎంత భేదము!

ఈ భేదము స్త్రీల విషయమున మఱియు స్పష్టము. పూర్వము ఇల్లాలు సినిమా చూడవలెనన్న తోడు కావలెను, అనుమతి కావలెను, వంట ముందుగా ముగియవలెను. ఇంటిలోనికి తెర వచ్చినప్పుడు ఆ సంకెల కొంత సడలినది. ఇప్పుడు చందా భర్త పేర, పాస్‌వర్డు కుమారుని ఫోనులో! అత్తగారికి పాతచిత్రము చూడవలెనని యున్న మనుమడు బడినుండి వచ్చి వెదకిపెట్టవలెను. అలమారలోని డిస్కునకు పాస్‌వర్డు లేదు. దాసి (1988) చూడదలచిన గృహిణి తానే తీసికొని పెట్టుకొనగలదు. గడీలో దాసిగా నలిగిన స్త్రీ బ్రదుకును చూపి, అర్చనగారికి జాతీయ ఉత్తమనటి బహుమతి తెచ్చిన చిత్రమది. కోడలికి ఇచ్చి చూడుమనవచ్చును. పొరుగింటికి పంపి తిరిగి తెప్పించుకొనవచ్చును. ఇచ్చిపుచ్చుకొనుటకు వీలు లేని సొత్తు సొత్తే కాదు.

మా ముదిగొండవంటి ఊళ్లకు ఈ విషయము వేడుక కాదు. 2007 జూలై 28న ఈ ఊరిలోనే, పేదలకు భూములు ఈయవలెనని ఆందోళన చేయుచున్న జనులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. భూమికొఱకు తెలంగాణపు రైతులు పడిన పాట్లను కథగా గొని గౌతమ్ ఘోష్ దర్శకత్వమున, బి. నరసింగరావు నిర్మాణమున మా భూమి 1979లో తయారైనది. మా పిల్లలు తమ తాతల కథను చూడవలెనన్న, ఏ సంస్థకు ఈ మాసము దయ కలిగినదో వెదకుచు కూర్చుండవలెనా? ఇక భద్రాచలము దాటి చర్ల, దుమ్ముగూడెము మండలములలో అడవియంచున నున్న గూడెములకు పోయినచో సిగ్నలే ఒకప్పు డుండును, ఒకప్పు డుండదు. అక్కడి ఆశ్రమ పాఠశాలలలో కోయపిల్లలకు మంచి చిత్రము చూపవలెనన్న డిస్కును మించిన సాధనము లేదు. కరెంటు, యంత్రము, ఒక తెల్లని గోడ యున్న చాలును.

కావున చేయవలసిన పని స్పష్టము. గృహస్థులు సంవత్సరమునకు నాలుగైదు చొప్పున మంచి చిత్రములను, న్యాయముగా అమ్మునవి మాత్రమే కొనవలెను. దొంగ ప్రతిని గడప దాటి రానీయరాదు. నిర్మాతలు కోతలు లేక, ముద్రలు లేక, తెలుగు ఉపశీర్షికలతో ప్రచురింపవలెను. చెవుడుగలవారికి అవియే దిక్కు. ప్రభుత్వమునకు మాది ఒక ప్రశ్న. 1954 నాటి శాసనము ప్రకారము ప్రతి ప్రచురణకర్తయు తన గ్రంథపు ప్రతులను దేశపు పెద్ద గ్రంథాలయములకు సమర్పింపవలెను. ఆ కట్టడి సినిమాకు ఏల లేదు? మనము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయపు పన్ను కట్టుచున్నాము. ఆ ధనముతో జిల్లా గ్రంథాలయములలో డిస్కుల అలమార యొకటి, యంత్రమొకటి పెట్టించి, హక్కుదారుల అనుమతితో వారమునకొక చిత్రము చూపించుట అసాధ్యమా? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పినప్పుడు, ఉర్దూ రాజ్యమేలు పట్టణమున తెలుగు పుస్తకములు ఎవరు చదువుదురని అడిగినవారు లేకపోయియుందురా? వారికి ఆనాటివారు మాటలతో ప్రత్యుత్తర మీయలేదు. అలమారలు నింపి యిచ్చిరి.

భక్తప్రహ్లాద పోయినది, దానికై నేడు విలపించి ఫలము లేదు. పోయినవారు మన తాతలు, వారికి సాధనములు లేవు. మనకు సాధనములున్నవి. మన మనుమలు మల్లీశ్వరి ఎట్లుండెడిదని పాత పత్రికలలో వెదకుకొను దుర్దశ వచ్చినచో ఆ నింద మనదే యగును. చదువరులారా, ఈ మాసపు చందా చెల్లించుటకు ముందు మీ అలమారవైపు ఒక్కసారి చూడుడు. పుస్తకముల ప్రక్కన ఒక జానెడు చోటు చేయుడు.